బత్తలపల్లెలో నేను అడగకూడని ప్రశ్న

పోయిన నెల ఇదే బ్లాగులో బత్తలపల్లె దగ్గరి ఒక స్వచ్ఛంద సంస్థను ఉతికి ఆరేశాను. డిగ్రీ పిల్లల చేత జీతం లేకుండా పని చేయించుకుని, దానికి సాఫ్ట్‌వేర్ శిక్షణ అని పేరు పెట్టారన్నాను. గొర్రెల టీకాల కోసం వాళ్ళు చేసిన యాప్‌లో గొర్రెలెన్నో రాసే గడి కూడా లేదని ఎగతాళి చేశాను. నలభై ఏళ్ళు సాఫ్ట్‌వేర్ రంగంలో ఉన్నవాణ్ణి కదా! అసలు సంగతి వేరు. ఆ సంస్థ నడిపేవాడు ఒకప్పుడు నా కింద పనిచేశాడు. ఉద్యోగం మానేసిన రోజు, "మీకు మనుషులు అక్కర్లేదు సార్, వాళ్ళ తప్పులు దొరికితే చాలు" అని అందరి ముందూ అన్నాడు. అది నేను మరిచిపోలేదు. యాప్ రాసిన వాలంటీరు సరళ, "ఒకసారి వచ్చి చూడండి సార్" అని మెయిల్ పెడితే, మరో నాలుగు తప్పులు ఏరుకుందామని బయల్దేరాను.

అనంతపురంలో ఉదయం ఆరున్నరకు ధర్మవరం బస్సెక్కితే ఏడున్నరకల్లా బత్తలపల్లెలో దిగవచ్చు. అక్కడి నుంచి సంస్థ ఉన్న పల్లెకు ఆటో వంద రూపాయలు.

"యాడికి సార్? సరళక్క కాడికా?" అన్నాడు డ్రైవరు. "ఆయక్క మెసేజి వస్తేనే మా నాయన గొర్రెలకు సూది ఏపిస్తాడు. ఎవుడో ముసలోడు ఆ యాప్‌ను తిట్టి రాసినాడంట. ఆయప్ప గొర్రెను ఎప్పుడన్నా చూసినాడో లేదో!"

నేను కిటికీ లేని ఆటోలోంచి ఎండిన వేరుశనగ చేల వైపు చూస్తూ కూర్చున్నాను.

సరళ నన్ను నేరుగా మంద దగ్గరికే తీసుకెళ్ళింది. గొర్రెలను ఉన్నట్టుండి చంపేసే చిటుకు రోగానికి టీకా వేసే రోజది. కాపరి లింగప్పను పలకరించి, "ఎన్ని ఉన్నాయి?" అని అడిగాను. ఆయన ముఖం మాడిపోయింది.

"ఏమప్పా, పొద్దున్నే జీవాల లెక్క అడుగుతావా? కన్ను తగలదా?" అంటూ మందను తోలుకుని గట్టు దాటాడు. టీకా పెట్టె పట్టుకుని సరళ వెంట పరిగెత్తింది.

"మామా, తెలీక అడిగినాడులే! సీసాలు ఎన్ని కావాల్నో చెప్పు, చాలు."

చాలాసేపు బతిమాలాక, "రెండు" అన్నాడాయన. సీసా నూరు గొర్రెలకు వస్తుంది. ఆమె ఫోన్‌లో రెండు అని కొట్టింది.

"మొదట్లో నేనూ ఆ గడి పెట్టినాను సార్," అంది తిరిగి వస్తూ. "ఒక్కరూ నింపలేదు. ఆ ఏడు శానా మందలకు టీకా పడలేదు. మందల ఎంబడి తిరిగితేనే తెలిసింది. బెంగళూరు ఇంటర్వ్యూలో మీరు రాసింది చూపించి నవ్వినారు. నేను చెప్పేది ఇనలేదు. ఉద్యోగం రాలేదు."

"ఆ వ్యాసం తీసేస్తాను" అన్నాను.

"వద్దు సార్. తీసేస్తే నేనే తీపిచ్చినట్ల ఉంటాది. చూసింది రాయండి. సోమవారం ఇంకో కంపెనీ పిలిచినారు."

తిరుగు బస్సులో తల ఎత్తలేకపోయాను. నలభై ఏళ్ళలో నేను ఒక్కసారీ మంద వెంట నడవలేదు. నా గురించి ఆ సంస్థ నడిపేవాడన్న మాట నిజమే. ఇటువైపు వెళ్ళేవారికి ఒక్క సూచన: కాపరి కనబడితే వానల గురించి అడగండి, గొర్రెలెన్నని అడక్కండి. సోమవారం సరళ ఎదుట కూర్చునేవారు ఆ లేని గడి గురించి తప్పకుండా అడగండి. అడిగి, ఆమె చెప్పేది చివరిదాకా వినండి.