వానబువ్వకు రాని మేస్త్రీ

స్లాబు ఇల్లు కట్టుకుని చాలా ఏళ్లయింది. అయినా తొలకరి చినుకు పడితే నా చూపు ఇప్పటికీ ముందు పైకప్పు మీదికే పోతుంది. నడింట్లో ఎక్కడ నిలబడితే నెత్తిన చుక్క పడేదో నా కాళ్లకు ఇంకా గుర్తుంది. అప్పట్లో సరిగ్గా అక్కడే విత్తనాలు దాచే మా వెదురు గుమ్మి ఉండేది.

నేను చేవెళ్ల పిల్లను. చిన్న మంగళారానికి కోడలిగా వచ్చాను. బడి రెండో తరగతితో ఆగిపోయింది కానీ లెక్క ఆగలేదు. మా బాపు బట్టీల నుంచి బండి మీద గూనపెంకలు తోలేవాడు. ఆయన దింపుతుంటే పక్కన కూర్చుని వరసకు ఎన్ని పడుతున్నాయి, పగిలినవి ఎన్ని అని చూస్తూ ఉండేదాన్ని. చూసి చూసి, గోడల పొడవూ వెడల్పూ చెబితే ఎన్ని పెంకలు పడతాయో నోటితోనే చెప్పడం వచ్చింది. ఎవరూ నేర్పలేదు. తప్పు చెప్పి, దిద్దుకుని, మళ్లీ చెప్పి నేర్చుకున్న విద్య అది.

అరవై తొమ్మిది ఎండాకాలంలో మా అత్తమ్మ ఇంటి మీద గడ్డి తీయించి పెంకలు వేయించాలనుకుంది. పెంకల లెక్క నేను చెప్పాను. దానికి ఎవరూ అడ్డు చెప్పలేదు. పేచీ అంతా మేస్త్రీ దగ్గర వచ్చింది.

అంతకు రెండేళ్ల ముందే చేవెళ్లలో పెంకలు, సున్నం, దూలాలు అమ్మే దుకాణాలవాళ్లు కలిసి ఒక పద్ధతి పెట్టారు. ఇల్లు కప్పే మేస్త్రీల్లో పని బాగా వచ్చినవాళ్లకు ఇత్తడి బిళ్ల ఇచ్చేవారు. అడగ్గానే ఇచ్చేవారు కాదు. అతను కప్పిన ఇళ్లు ఒక వానకాలం గడిచాక పోయి చూసి, అప్పుడు ఇచ్చేవారు. బిళ్ల ఉన్న మనిషి పనిలో తేడా వస్తే ఏ దుకాణంలో చెప్పినా సరే, మేం చూసుకుంటాం అనేవారు.

అత్తమ్మకు ఈ పద్ధతి నచ్చలేదు. ఆమెకు తన పద్ధతి ఉంది. మేస్త్రీ అంతకు ముందు కప్పిన ఇంటికి పోయి, ఆ ఇంటి ఆడమనిషిని అడగడం.

"మొగోన్ని అడిగితె మంచిగనే చేసిండంటడు. తను తోలుకొచ్చిన మనిషాయె. ఇల్లు ఊడ్చేదాన్ని అడగాలె. యాడ కురుస్తదో ఆమెకెరుక" అనేది.

ఆ మాటలో నిజం లేకపోలేదు. అందుకే నేనూ అడిగాను. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి అరుగు మీద ఆడవాళ్లు ఎలాగూ కూర్చుంటారు. ఒక్కొక్కరినీ కదిపి చూశాను. బిళ్లవాళ్లు కప్పిన ఇళ్లు ఆరు, అందులో కురిసినవి రెండు. అత్తమ్మలాగా అడిగి పిలిపించుకున్నవాళ్లు కప్పినవి పదకొండు, కురిసినవి నాలుగు. లెక్క వేసి చూస్తే రెండూ ఇంచుమించు ఒకటే. బిళ్ల గొప్ప అని చెప్పడానికి లేదు, అత్తమ్మ పద్ధతి గొప్ప అని చెప్పడానికీ లేదు.

ఇక రెండో ప్రశ్న అడిగాను. కురిశాక ఎవరైనా వచ్చి సర్దారా? బిళ్లవాళ్ల ఇళ్లు రెండింటికీ వచ్చారు. అడిగి పిలిపించుకున్న నాలుగింటిలో మూడింటికి వచ్చారు. నాలుగో ఇల్లు కప్పింది ఇంటామె సొంత మరిది. అతన్ని ఏమీ అనలేక, ఆ ఇంటామె ఇప్పటికీ చుక్క పడే చోట చెంబు పెట్టుకుంటోంది.

"ఎవలు కప్పినా కురిసేది కురుస్తది అత్తమ్మా. కురిసినంక ఎవలొస్తరన్నదే లెక్క. బిళ్ల ఉన్నోన్నే పిలుద్దం" అన్నాను.

నా పెనిమిటి ఎద్దులకు నీళ్లు పెట్టే పని గుర్తుకొచ్చి బయటికి పోయాడు.

"సరే, నీ మాటనే కానీ. గుమ్మి మీద చుక్క పడ్డదనుకో, జవాబు నువ్వే చెప్పాలె" అంది అత్తమ్మ చివరికి.

గుమ్మిలో ఆ ఏడు వేయాల్సిన జొన్న విత్తనమంతా ఉంది. మనిషెత్తు గుమ్మి, నేలకు మట్టితో అతికించింది, కదిలించడం కుదరదు. విత్తనం తడిసి మొలకెత్తితే ఆ ఏడు చేను బీడే. నా మాట కూడా ఆ గుమ్మి కిందే ఉంది. కొత్త కోడలి మాట ఒకసారి తప్పితే మళ్లీ చెల్లడానికి ఎన్నేళ్లు పడుతుందో ఏ లెక్కకూ అందదు.

మేస్త్రీ వచ్చాడు. సన్నటి మనిషి, మాటకారి. అంగీకి దారంతో బిళ్ల కుట్టుకున్నాడు.

"ఆ బిళ్ల ఏం జేస్తదయ్యా? వాన ఆపుతదా?" అంది అత్తమ్మ.

"యాడ ఆపుతదవ్వా. నీ ఇల్లు కురిస్తె దుకాణపోళ్లొచ్చి నా అంగి మీదికెల్లి ఊడబీకుతరు. మా ఆడిది మల్ల దారం దండుగాయెనని తిడతది."

అత్తమ్మ నవ్వు ఆపుకోవడానికి మొహం తిప్పుకుంది.

పని బాగానే చేశాడు. పోతూ పోతూ, "వానబువ్వకొస్త అవ్వా, కోడిని సాదుండ్రి" అన్నాడు.

మా వైపు ఇల్లు కప్పినవాళ్లకు వానబువ్వ పెట్టే ఆనవాయితీ ఉండేది. మొదటి గట్టి వాన పడ్డరోజు, కప్పిన మేస్త్రీ పిలవకుండానే రావాలి, నడింట్లో కూర్చుని తినాలి. ఎక్కడ కురుస్తోందో ఇంటివాళ్లు నోటితో చెప్పకూడదు. అది వచ్చిన మనిషిని తప్పు పట్టినట్టు. అందుకని ఆడవాళ్లు చుక్క పడే చోటు చూసుకుని సరిగ్గా దాని కిందే విస్తరి వేసేవారు. తినేవాడి పప్పులో చుక్క పడేది. అతను పైకి చూసేవాడు. వాన వెలిశాక నిచ్చెన అడిగేవాడు. ఒక్క మాట లేకుండా పని అయిపోయేది.

ఆ ఎండలు ముదిరేకొద్దీ తెలంగాణ ఉద్యమం కూడా ముదిరింది. బళ్లు మూతపడ్డాయి. బీజాపూర్ రోడ్డు మీద బస్సు కనిపించిన రోజు కంటే కనిపించని రోజులే ఎక్కువ. మొయినాబాదులో ఏ గోడ చూసినా డాంబరు రాతలే.

మా వైపు మృగశిర కార్తెను మిరుగం అంటారు; ఆ ఏడు వాన దానికంటే ముందే వచ్చింది. మధ్యాహ్నం మబ్బు కమ్మింది, కొత్త పెంకల మీద చప్పుడు మొదలైంది. ఆ చప్పుడు ఎంత బాగుండేదో గడ్డికప్పు కింద పెరిగినవాళ్లకే తెలుస్తుంది. కాసేపటికి గుమ్మి మూత మీద టప్పున ఒక చుక్క పడింది. తర్వాత ఇంకొకటి.

అత్తమ్మ మూత మీద గోనెసంచులు కప్పింది. గుమ్మి పక్కన, జారిన చుక్క పడే చోట విస్తరి వేసింది. పొయ్యి మీద కూర ఉడుకుతోంది. మేము వాకిలి వైపు చూస్తూ కూర్చున్నాం. వాన వెలిసింది. ఎవరూ రాలేదు.

"ఇస్తారి నిండింది గని మేస్త్రీ రాకపాయె" అంది అత్తమ్మ.

"బస్సులు బందున్నయి గద అత్తమ్మా."

"కాళ్లు సుత బందున్నయా?"

రెండు రోజుల తర్వాత మా బాపు పెంకల బండితో మొయినాబాదు వచ్చాడని తెలిసి, ఎదురు పోయి సంగతంతా చెప్పాను. చేవెళ్ల దుకాణంలో చెబుతానన్నాడు. మబ్బు పట్టినప్పుడల్లా పోయి గుమ్మి చూసి వచ్చేదాన్ని. గుమ్మి మీద గోనెసంచులు అట్లాగే ఉన్నాయి. అత్తమ్మ వాటి మాట ఎత్తేది కాదు, అదే ఇంకా కష్టంగా ఉండేది.

ఒక పొద్దున బాపు బండి మా వాకిట్లో ఆగింది. దిగిన మనిషి మా మేస్త్రీ కాదు. పొట్టిగా, గట్టిగా ఉన్నాడు. అంగీ మీద బిళ్ల మాత్రం అట్లాంటిదే.

"మీ మేస్త్రీ జైల్లున్నడవ్వా. జై తెలంగాణ అన్నడని పట్కపోయిండ్రు. ఆయన కప్పిన ఇండ్లు చూసుకొమ్మని దుకాణపోళ్లు మాకు పంచిండ్రు. ఈ దిక్కు నాకొచ్చింది" అన్నాడు.

అత్తమ్మ అతన్ని కింది నుంచి పైకి చూసింది. "కప్పిన చెయ్యి నీది గాదు. వానబువ్వ నీకెట్ల పెడుత?"

"బువ్వ లేకుంటె మానె, నిచ్చెన ఇయ్యుండ్రి. గని యాడ కురుస్తదో వాన పడితెనే తెలుస్తది. జర సేపు అరుగు మీద కూసుంట."

అతను కూర్చున్నాడు. బాపు కూర్చున్నాడు. మబ్బు కూడా మా అవసరం తెలిసినట్టు మెల్లగా పైకొచ్చింది. చినుకులు మొదలు కాగానే నేను లోపలికి పోయి విస్తరి తెచ్చి గుమ్మి పక్కన వేశాను. అత్తమ్మ చూసింది, ఆపలేదు. పొద్దుటి రొట్టె, పప్పు వడ్డించి అతన్ని పిలిచాను.

రెండో ముద్ద దగ్గర చుక్క పడింది. అతను పైకి చూసి నవ్వాడు.

"ఇస్తారి మంచిగ చూసి ఏసినవవ్వా."

"నేనెయ్యలె. ఈ లెక్కల పిల్ల ఏసింది" అంది అత్తమ్మ.

వాన వెలిశాక ఎక్కి చూశాడు. పచ్చి వెదురు ఎండి ఒకచోట కుంగింది, రెండు పెంకల మధ్య సందు పడింది; అది సర్ది మూశాడు. "ఎవలు కప్పినా మొదటి ఏడు గిట్లనే కుంగుతది. అందుకే గద వానబువ్వ" అన్నాడు కిందికి దిగుతూ. ఆ మాటతో అత్తమ్మ మొహం కొంచెం మెత్తబడింది. లోపలికి పోయి అతని విస్తరిలో ఇంకో రొట్టె వేసింది.

ఆ సాయంత్రం గుమ్మి విప్పాం. పైన జానెడు మందం చెమ్మ తగిలి ఉబ్బింది. అది తీసి పక్కన పోసి చెయ్యి లోపలికి పెడితే గింజలు గలగల కదిలాయి. అత్తమ్మ పిడికెడు తీసి నా చేతిలో పోసింది. మిరుగం వెళ్లకముందే విత్తేశాం.

వానలు వెనకబట్టే కాలంలో ఒక మాపటివేళ ఆ సన్నటి మనిషి వాకిట్లో నిలబడ్డాడు. ఇంకా సన్నబడ్డాడు. ముసురు పడుతోంది.

"మొదటి వానకు రాకపోతి అవ్వా. ఆఖరి వానకన్న బువ్వ పెడతవా?"

"కోడి ముసలిదైంది నిన్ను చూసి చూసి. రా" అంది అత్తమ్మ.

గుమ్మి పక్కనే విస్తరి వేసింది. అతను తింటూ ఒకటికి రెండుసార్లు పైకి చూశాడు. చుక్క రాలేదు.

"ఆడ సర్దింది నా చెయ్యి గాదు" అన్నాడు.

"కాదు. నీ పేరు చెప్పుకొని వచ్చి ఇంకొకాయన తినిపోయిండు."

ఆ ఎండాకాలమంతా బస్సులు లేని రోడ్డు, ఎవరి మాట నమ్మాలో తెలియని రోజులు. అయినా ఎవరో ఒకరు వస్తారని ఎదురు చూసిన ఆ మధ్యాహ్నాలు ఇప్పుడు తలచుకుంటే తియ్యగానే ఉంటాయి. ఇత్తడి బిళ్ల ఇల్లు కురవకుండా ఆపలేదు. కానీ ఒక మనిషి రాలేనప్పుడు ఇంకో మనిషిని బండెక్కించింది. విస్తరి ఎక్కడ వేయాలో మాత్రం దానికి తెలియదు.

మరుసటి ఏడు పక్కింటామె మా అత్తమ్మ దగ్గరికి వచ్చింది. వాళ్లూ గడ్డి తీసి పెంకలు వేయించుకోవాలనుకుంటున్నారు. ఏ మేస్త్రీని పిలవాలని అడిగింది.

అత్తమ్మ చాటలో బియ్యం చెరుగుతూ తలెత్తలేదు.

"ముందుగాల బిళ్ల ఉన్నోన్ని చూసుకో. దొరికినంక, వానకొస్తడా రాడా అన్నది మా కోడల్ని అడుగు. ఈ ఇల్లు ఊడ్చేది ఆమెనే."