ఆపా నల్లపూసలు

ఆపా పోయింది. మొన్న శుక్రవారం పొద్దున టీ తీసుకెళ్ళి గది తలుపు తడితే పలకలేదు. నిద్రలోనే గుండె ఆగిపోయిందన్నారు.

అర్దియాలో మా ఫ్లాట్‌లో వంటింటి పక్క గది ఆమెది. రాయచోటి నుంచి ఈ దేశానికి ఇంటిపనికి వచ్చిన మనిషి. మాది కోనసీమ, నేనిక్కడ బడిలో సోషల్ టీచర్ని. అక్క అనే అర్థంలో ఆపా అని పిలిచేదాన్ని గానీ, మా ఇద్దరికీ ఏ చుట్టరికమూ లేదు. అయినా "తింటివా టీచరమ్మా?" అని ఈ అరబ్ దేశంలో నన్ను రోజూ అడిగింది ఆమె ఒక్కతే. ఆ మాట ఆసరాతోనే నేను చాలా రోజులు నెట్టుకొచ్చాను.

అంతకుముందు సల్వాలో ఆమె పనిచేసే ఇంట్లో మామా, అంటే ఇంటి యజమానురాలు, చేయి చేసుకునేది. ఓ రోజు తట్టుకోలేక బయటికొచ్చేసింది. వీసా ఇచ్చి తెప్పించుకున్న యజమాని, కఫీల్, ఊరుకుంటాడా? పారిపోయిందనీ, నగ ఎత్తుకెళ్ళిందనీ కేసు పెట్టాడు. కేసు తేలందే దేశం దాటనివ్వరు. ఇక్కడ ఉండటానికిచ్చే కార్డు, ఇఖామా, లేందే వీధిలో తిరగనివ్వరు. ఇక మిగిలింది మా ఫ్లాట్‌లో ఆ గది. లిఫ్టు చప్పుడైతే చాలు, గరిటె తిప్పే చెయ్యి ఆగిపోయేది. కిటికీ అవతల ఎదురు బిల్డింగు గోడ. "ఆ గోడకు యాడయాడ బీటలుండాయో నాకు తెలుసు" అని నవ్వేది. నాకు నవ్వొచ్చేది కాదు, ఒళ్ళు మండేది.

అలా ఉండగానే ఊళ్ళో ఆమె భర్త చనిపోయాడు. జనాజా మట్టికి తీసుకెళ్ళడం ఫోన్లో చూసింది.

వాళ్ళ వైపు ముస్లిం ఆడవాళ్ళు కూడా పెళ్ళిలో నల్లపూసలు కట్టుకుంటారు, మాలాగే. భర్త పోతే ఇంటి ఆడవాళ్ళు కూర్చోబెట్టి తీస్తారు. ఇక్కడ తీసేదెవరు? ఆమె అలాగే ఉంచుకుంది. కూతురు మదర్సాలో చదువుకున్న పిల్ల. "అది మన దీన్‌లో ల్యాదు మా, ఎప్పుడో తీసేయాల్సింది" అని మతం మాట చెప్పి ఫోన్లో పోరేది. "తీస్తాలేమ్మా. మీ నాయన మట్టి కాడికొచ్చినాక తీస్తా" అనేది ఆపా. ఆమె కోరికంతా అదొక్కటే.

పోయిన చలికాలం బడి పిల్లల్ని ఫైలకా దీవికి తీసుకెళ్ళాను. పడవెక్కాలంటే కార్డు చూపించాలి, కాబట్టి ఆపా రాలేదు. సాయంత్రం వంటింట్లో ఫొటోలు చూపించాను. చరిత్ర చెప్పేవాళ్ళకో జబ్బుంది, వినే మనిషి దొరికితే వదలం. వేల ఏళ్ళ కిందటి గుడి పునాది ఇదీ, తర్వాత గ్రీకులొచ్చి తమ దేవతకు కట్టుకున్న గుడి ఇదీ, ఆ తర్వాత చర్చి ఇదీ అని మొదలుపెట్టాను. ఇస్లాం వచ్చాక కూడా అక్కడో పవిత్రస్థలం ఉండేదనీ, మొన్నమొన్నటిదాకా ఆడవాళ్ళు పిల్లల కోసం మొక్కుకునేవాళ్ళనీ, అది తప్పని దాన్నీ తీసేశారనీ చెప్పుకుపోయాను.

ఆపా ఉల్లిపాయలు తరగడం ఆపింది.

"దేవుడు మారినప్పుడల్లా ముందరి జనం యాడికి పోయినారు?"

"కొందరు వెళ్ళిపోయి ఉంటారండి. కొందరు ఉండిపోయి కొత్త దేవుడికి మొక్కి ఉంటారు."

"మనసొప్పి మొక్కినారా, పడవ దొరక్క మొక్కినారా?"

పాఠంలో రాజులుంటారు, వర్తకులుంటారు, ప్రచారకులుంటారు. పడవ దొరకనివాళ్ళుండరు.

"ఏదో ఒకటి దాచిపెట్టుకునే ఉంటార్లే. ఆడోళ్ళు ఊరికే వదల్రు" అని మళ్ళీ కత్తి అందుకుంది. ఆ ప్రశ్న ఇప్పుడు నేను క్లాసులో అడుగుతున్నాను. పరీక్షలో వస్తుందా టీచర్ అంటారు పిల్లలు.

శవాన్ని ఊరు పంపాలంటే ఆ కేసు మళ్ళీ అడ్డం వచ్చింది. ఎన్నాళ్ళని ఐసులో పెడతారు, ఇక్కడే మట్టి చేయండని కూతురే చెప్పింది. తల్లి ఇక ఎప్పటికీ తండ్రి మట్టి దగ్గరికి రాదని ఆ పిల్లకీ తెలుసు. కాసేపు ఏడ్చి, "ఆంటీ, ఆ పూసలు అక్కడ స్నానం చేయించేవాళ్ళు కత్తిరించి పారేస్తారేమో. మీరు తీయండి. మా అవ్వకు ఎట్ల తీసినారో అట్ల, మనోళ్ళ చేత్తో" అంది. తీసేయమని అన్నాళ్ళు పోరిన పిల్లేనా అనిపించింది.

మా వైపు భర్త ఉన్న ఆడది ఆ పని చేయకూడదు. మా అమ్మ వింటే గుండెలు బాదుకుంటుంది. నా మెళ్ళో పూసల్ని జాకెట్లోకి తోసుకుని, శవానికి స్నానం చేయించే గదిలోకి వెళ్ళాను.

అక్కడి అరబ్ ఆవిడ కత్తెర అందించింది. వద్దని తలూపాను. దారం ముడి చెమటకీ నూనెకీ బిగుసుకుపోయి గోటికి అందడం లేదు. ఆపా మెడ చల్లగా ఉంది. ఆవిడ కత్తెర పక్కన పెట్టి, ఆపా తలను రెండు చేతులతో కాస్త పైకెత్తి పట్టుకుంది. ఆ ముడి విడటానికి చాలాసేపు పట్టింది. ఎవరూ యల్లా అని తొందరపెట్టలేదు.