ఒక్క వరుసే కనిపించే అట్ట

మా బడి క్లర్కు సారు పోయారు. పోయిన వారం ప్రార్థన ముగిసి పిల్లలు తరగతులకు వెళ్తుండగా పుంగనూరు నుంచి ఆయన భార్య ఫోను చేసింది. "మీ సారు లేడమ్మా" అని చెప్పింది. "పొద్దున కాఫీ తాగినాడు, పేపరు సూస్తా కూర్చున్నాడు, అంతే" అంది. ఆవిడ ఏడవలేదు. నేనే వరండాలో స్తంభం చాటుకు పోయి ఏడ్చాను. ఆయన రిటైరై ఇంకా రెండేళ్లు నిండలేదు.

ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. రాస్తే ఆయనకు నచ్చదు. "అడిగినోళ్లకు ఎంత కావాలో అంత చెప్పాల. మిగిలింది మన దగ్గర పెట్టుకోవాల" అనేవారు. ఈ ఒక్క మాట నాకు అర్థం కావడానికి ఒక గొడవ, ఒక భయం, ఒక పెట్టె టమోటాలు అవసరమయ్యాయి. అదంతా మీకు చెప్పాలనే ఇది రాస్తున్నాను.

మాది మదనపల్లె శివార్లలో ఉన్న హైస్కూలు. నేను తెలుగు చెబుతాను. ఆయన రోజూ పుంగనూరు నుంచి బస్సులో వచ్చేవారు, అందరికంటే ముందు. బీరువా తాళం చెవి మొలతాడుకు కట్టుకునేవారు. దాన్ని తీయడానికి గోడవైపు తిరిగి చొక్కా ఎత్తుకుంటుంటే మేమంతా కావాలనే కిటికీలోంచి బయటకు చూసేవాళ్లం. వచ్చిన కవర్లను విప్పి, తిరగేసి, మళ్లీ అంటించి వాడేవారు. టీ ఇస్తే తాగుతారు, బిస్కెట్టు ఇస్తే జేబులో వేసుకుంటారు. ఆ బిస్కెట్లన్నీ ఎటు పోతాయో ఆరో తరగతి పిల్లలకు బాగా తెలుసు.

ఏ బడి ఆఫీసులోనైనా పిల్లలు నిలబడే ఉంటారు. మా ఆఫీసులో మాత్రం ఆయన బల్ల పక్కన ఒక ముక్కాలిపీట ఉండేది. పిల్ల గడప దాటిందో లేదో "కూర్చోమ్మా" అనేవారు. పేరు, ఊరు, వచ్చిన పని అడగడం అన్నీ ఆ తర్వాతే. పెన్సిల్ ముక్క కోసం వచ్చిన పిల్లాడికీ అదే మర్యాద. "సార్, ఇదేమన్నా డాక్టరు దగ్గర చీటీ రాయించుకోవడమా?" అని నేను ఆటపట్టించేదాన్ని. "నిలబడినోళ్లకు భయమెక్కువ మేడమ్. కూర్చుంటే వాళ్ల పేరు వాళ్లకు గుర్తొస్తాది" అనేవారు.

ఇక ఆయన అట్ట సంగతి. చొక్కా పెట్టెలో వచ్చే గట్టి అట్టను అడ్మిషన్ రిజిస్టరు పేజీ అంత కత్తిరించి, మధ్యలో ఒక సన్నని కంత కోశారు. సరిగ్గా ఒక్క వరుస పట్టేంత. ఎవరైనా టీసీ కోసమో, పుట్టిన తేదీ కోసమో వస్తే రిజిస్టరు తెరిచి ఆ అట్ట పరిచేవారు. వాళ్ల పిల్ల వరుస కనిపిస్తుంది. పైన ఎవరున్నారో, కింద ఎవరున్నారో, వాళ్ల నాన్న ఏం చేస్తాడో, ఇంట్లో ఏ భాష మాట్లాడతారో కనిపించదు. తల్లిదండ్రులకే కాదు, మాకూ అంతే. నేను కొత్తగా చేరినప్పుడు ఒక పేరు వెతుకుతూ రిజిస్టరు నావైపు తిప్పుకుంటే చక్కగా తనవైపు తిప్పుకుని అట్ట పరిచారు. "నేనేమన్నా దొంగనా సార్?" అన్నాను. "దొంగలైతే తాళమేస్తా. మీరు కాబట్టి అట్ట పెడతాండా" అన్నారు. ఒళ్లు మండింది నాకు.

నాకు కోపం తొందర. దానికి తోడు ఉత్సాహం కూడా ఎక్కువ. ఆయన రిటైరవడానికి కొన్నాళ్ల ముందు, ఒక ఏడు, టమోటా మండీలో పెట్టెలు ఎత్తడానికి, కాయలు ఏరడానికి దూరం నుంచి కొన్ని కుటుంబాలు వచ్చాయి. ఇంట్లో బెంగాలీ మాట్లాడేవాళ్లు. వాళ్ల పిల్లలు అయిదారుగురు మా బడిలో చేరారు. పాఠం ఒక్క ముక్క అర్థం కాక గోడవైపు చూస్తూ కూర్చునేవారు. బడి వదిలాక ఒక గంట వాళ్లకు విడిగా తెలుగు చెప్తానని నేనే ముందుకొచ్చాను. అంతవరకు మంచిదే. అక్కడితో ఆగానా? రంగు స్కెచ్ పెన్నులతో పెద్ద చార్టు రాశాను. పిల్ల పేరు, ఇంటి భాష, అమ్మానాన్నలు ఎక్కడ పనిచేస్తారు, ఎక్కడ ఉంటారు, ఫోన్ నంబరు. చుట్టూ పూల అంచు కూడా వేసి వరండాలో నోటీసు బోర్డుకు అంటించాను.

మర్నాడు బోర్డు ఖాళీగా ఉంది. నేరుగా ఆఫీసుకు పోయాను.

"నా చార్టు ఎవరు తీశారు సార్?"

"నేనే. బడి అన్నం వండే పొయ్యిలో పెట్టినా."

"రెండు గంటలు కూర్చుని రాశాను. పిల్లల మంచికే కదా రాసింది?"

"మంచికే మేడమ్. అది రాసిన మీకు తెలుసు. సదివినోళ్లకు ఎట్ల తెలుస్తాది? పాఠానికి పేరు సాలు. ఇల్లు యాల? ఫోను యాల?"

నేను ఇంకా గట్టిగా అరిచాను. ఆయన తలెత్తకుండా కవరు అంటించుకుంటూ కూర్చున్నారు. నాలుగు రోజులు ఆయనతో మాట్లాడలేదు. టీ వస్తే ఆయన గ్లాసు నా చేత్తో అందించలేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

అయిదో రోజు ఇద్దరు మనుషులు జీపులో వచ్చారు. అప్పుడు దేశంలో చాలాచోట్ల, బయటి దేశం నుంచి కాగితాలు లేకుండా వచ్చి ఉంటున్నవాళ్లను వెతుకుతున్నారని రోజూ వార్తల్లో వస్తోంది. బెంగాలీ మాట్లాడితే చాలు, ఆపి అడుగుతున్నారని జనం చెప్పుకుంటున్నారు. హెడ్మాస్టరు గారు మీటింగుకు పోయి ఉన్నారు. నేను హాజరు పట్టీ ఇవ్వడానికి ఆఫీసులో ఉన్నాను. క్లర్కు సారు వాళ్లకు కుర్చీలు వేసి నీళ్లు ఇచ్చారు.

"బెంగాలీ పిల్లలకు స్పెషల్ క్లాసు నడుపుతున్నారంట. ఆ లిస్టు, అడ్రసులు కావాల" అన్నాడు పెద్దాయన. గట్టిగా కూడా అనలేదు, మామూలుగానే అడిగాడు.

"అట్లాంటి లిస్టు బడిలో లేదు సార్" అన్నారు మా సారు. నిజమే. అది పొయ్యిలో కాలిపోయి నాలుగు రోజులైంది.

"రిజిస్టరు ఉంటుంది కదా, చూపించండి."

"ఉండాది. ఏ పిల్ల, ఎందుకు కావాల అని కాగితం రాసివ్వండి. హెడ్మాస్టరు పై ఆఫీసుకు రాసి అడుగుతాడు. వాళ్లు ఇమ్మంటే ఇస్తాం. మీ కాగితం ఇప్పుడే ఇచ్చినా స్టాంపేసి తీసుకుంటా."

ఆయన నిజంగానే స్టాంపు తీసి, ఇంకు పెట్టె మూత తెరిచి ఎదురు చూస్తూ కూర్చున్నారు. వచ్చినాయన నావైపు తిరిగాడు. "పాఠం చెప్పేది మీరేనా మేడమ్? పిల్లలు ఎవరో మీకు తెలిసుంటుంది." నా సంచిలో డైరీ ఉంది. చార్టులోకి ఎక్కించే ముందు అన్నీ అందులోనే రాసుకున్నాను. సంచిని చంకలోకి నొక్కుకున్నాను. నోరు తెరిచేలోపే మా సారు అందుకున్నారు. "మేడమ్ పని పాఠం చెప్పేది సార్. వివరాలు చెప్పే పని హెడ్మాస్టరుది. క్లాసు ఖాళీగా ఉండాది, మీరు పోండి మేడమ్."

నేను పోయాను. కిటికీలోంచి చూస్తే అరగంట తర్వాత జీపు వెళ్లిపోయింది. వాళ్లు మళ్లీ ఏ కాగితమూ తేలేదు. ఆ సాయంత్రం డైరీలో ఆ పేజీ నేనే చించాను.

అందరూ వెళ్లాక ఆయన బల్ల ముందు నిలబడ్డాను. "కూర్చోమ్మా" అన్నారు, ముక్కాలిపీట చూపించి. మేడమ్ అనకుండా నన్ను అమ్మా అనడం అదే మొదటిసారి. కూర్చున్నాను. ఆ రోజే ఆయన కుప్పం సంగతి చెప్పారు.

ఆయన పెరిగింది కుప్పంలో. అటు కన్నడం, ఇటు తమిళం, మధ్యలో మనం. ఆయనకు ఏడెనిమిదేళ్లప్పుడు వాళ్ల నాన్న రాళ్ల పనికి సరిహద్దు దాటి వచ్చారట. ఏ పక్క నుంచో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఒకరోజు అయ్యవారు ఏదో లెక్క రాసుకోవడానికి "పక్క రాష్ట్రమోళ్లు లేసి నిలబడండ్రా" అన్నారట. ఈయనొక్కడే లేచాడు. అయ్యవారు రాసుకున్నారు, తర్వాత పాఠం మొదలుపెట్టారు.

"ఆయన చెడ్డోడు కాదమ్మా. కూర్చోమని చెప్పేది మర్చిపోయినాడు, అంతే. గంట కొట్టేదాకా నిలబడే ఉండా. అందరూ నా మొగం సూసినారు. ఆ పొద్దు నుంచి నా పేరు పోయింది, పక్క రాష్ట్రమోడు అని పిలిచినారు" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

మర్నాడు నా తెలుగు క్లాసు పిల్లల్లో ముగ్గురే వచ్చారు. రెండు కుటుంబాలు రాత్రికి రాత్రే ఊరు విడిచాయని తెలిసింది. ఎటు పోయాయో ఎవరికీ తెలియదు. ఇంకొక పాప రాలేదు. వాళ్లు ఊళ్లోనే ఉన్నారు కానీ తల్లి ఆమెను గుడిసె దాటనివ్వడం లేదట. తెలుగు అంకెలన్నీ మండీలో పెట్టెలు లెక్కపెట్టి నేర్చుకున్న పాప అది. నా క్లాసులో మొదట నోరు విప్పింది ఆమే. ఇంతకంటే ఆ పాప గురించి రాయను. జీపు నా చార్టు కోసమే వచ్చిందో, వేరే ఎలా తెలిసి వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. కానీ బోర్డు మీద ఒక పగలంతా ఆ ఫోన్ నంబర్లు ఉన్నాయి. ఆ పాప చదువు నావల్లే ఆగిపోతుందేమోనని నాకు అన్నం సహించలేదు.

"నేను పోయి వాళ్లమ్మతో మాట్లాడతాను సార్" అన్నాను.

"మీరు పోతే ఇల్లు తెలిసిపోతాది. ఉండండి. నేను టమోటాలు కొనాల" అన్నారు.

ఆ ఆదివారం పుంగనూరు నుంచి సంచి పట్టుకుని మదనపల్లె మండీకి వచ్చారు. తర్వాతి ఆదివారం మళ్లీ వచ్చారు. మూడో ఆదివారం కూడా. అక్కడ కాయలు ఏరే ఆ తల్లితో ఊరికే మాట్లాడితే నలుగురు చూస్తారని కాయలు బేరమాడుతూ మాట్లాడేవారట. ఆయనకు తెలుగు, కన్నడం, తమిళం వచ్చు. ఆ తల్లికి ఆ మూడూ రావు. మూడోసారి ఆయన సంచిలోంచి అట్ట తీశారు. పక్కనున్న టమోటా పెట్టె మీద పరిచి, కంతలో కనిపించే ఒక్క కాయను వేలితో చూపించి, "నీ బిడ్డ" అన్నారట. మిగతా కాయల మీద అట్ట ఉంది. తర్వాత పక్కనున్న మనుషుల్ని చూపించి, కళ్లు మూసి, వాళ్లకు కనిపించదన్నట్టు తల అడ్డంగా ఊపారట. ఆ తల్లి చాలాసేపు చూసి, అట్టను తన చేతిలోకి తీసుకుని, కంతను తన అరచేత్తో మూసిందట. అదీ కనిపించకూడదని. "సరేమ్మా, అది గూడా" అన్నారట మా సారు.

ఆయన చెప్పింది విని ఊరుకోలేక, "మూడు వారాలు తెచ్చిన టమోటాలు ఏం చేశారు సార్?" అని అడిగాను. మూడోసారి మొహమాటానికి పెట్టెకు పెట్టే కొన్నారట. వారమంతా మా స్టాఫ్ రూములో టమోటా ఊరుబిండి పచ్చడే. ఆయన భార్య నాతో, "మీ బడికి ఇంకెంతమంది పిల్లల్ని తేవాలమ్మా, ముందే చెప్పు, ఉప్పు కారం తెచ్చిపెడతా" అంది.

సోమవారం ఆ పాప వచ్చింది. గేటు దగ్గర నుంచి నేరుగా తరగతికి రాలేదు. ఆఫీసు గడప దగ్గర ఆగింది. "కూర్చోమ్మా" అన్నారు. కూర్చుంది. ఆయన జేబులోంచి బిస్కెట్టు తీశారు. నేను హాజరు పట్టీ సాకుతో అక్కడే తచ్చాడుతుంటే, "క్లాసు ఖాళీగా ఉండాది మేడమ్" అన్నారు.

ఆ తర్వాత బీరువా తలుపు లోపలివైపు ఒక కాగితం అంటించారు. హెడ్మాస్టరు గారి సంతకం కూడా పెట్టించారు. ఆయన మొదట జంకినా చివరికి పెట్టారు. రాతతో అడగనిదే ఎవరి వివరమూ ఇవ్వకూడదు. బయటివాళ్లు ఎవరొచ్చినా ఆఫీసు దాటి తరగతికి పోకూడదు. పిల్లల ఫోటోలు, నంబర్లు గోడకు అంటించకూడదు. అవసరం లేనిది అసలు రాసుకోకూడదు. చేర్చుకునేటప్పుడు కాగితం లేదని ఎవరైనా తల్లి తల దించుకుంటే, "కాగితం లేకున్నా చేర్చుకోమని రూలే ఉండాది, బిడ్డను ఇట్ల తోలుకు రా" అనేవారు. ఊరు విడిచిన రెండు కుటుంబాల పిల్లలకు టీసీలు తయారుచేసి పెట్టారు. ఎప్పుడైనా అడిగి వస్తారని. అవి ఇంకా అదే బీరువాలో ఉన్నాయి.

రిటైరైన రోజు శాలువా మడిచి సంచిలో పెట్టుకుని, కొత్త క్లర్కును పిలిచి తాళం చెవి, అట్ట చేతిలో పెట్టారు. పీట మాత్రం తన చేత్తోనే బల్ల పక్కకు కొంచెం జరిపి వెళ్లారు.

పుంగనూరులో ఆయన్ను సాగనంపి వచ్చిన మర్నాడు బడి మైదానంలో సంతాప సభ పెట్టాం. పిల్లలంతా లేచి నిలబడ్డారు. హెడ్మాస్టరు గారు రెండు మాటలు చదివారు. రెండు నిమిషాలు మౌనం అన్నారు. రెండు నిమిషాలు అయిపోయాయి. ఆయన కళ్లద్దాలు తీసి కర్చీఫుతో తుడుచుకుంటూ, తుడిచినవే మళ్లీ తుడుచుకుంటూ ఉండిపోయారు. కూర్చోమని చెప్పడం మర్చిపోయారు. ఎండ ముఖాల మీద పడుతోంది. చిన్నపిల్లలు కాళ్లు మార్చుకుంటున్నారు. ఒక్కరూ కూర్చోలేదు.

నేను ముందుకు పోయి మైకు అందుకున్నాను. "కూర్చోండమ్మా" అన్నాను.

అందరూ ఒక్కసారిగా కూర్చున్నారు. అన్నీ ఒకేరంగు చొక్కాలు, నూనె పెట్టి దువ్విన తలలు. ఆ పాప ఏ వరుసలో ఉందోనని నా కళ్లు వెతకబోయాయి. వాటిని వెనక్కి తీసుకుని, నేనూ కూర్చున్నాను.