మోతలు లెక్కపెట్టిన పిల్ల

మస్తానయ్యది గురజాల దగ్గర క్వారీలో బండలు పేల్చే పని. పదిహేనేళ్ళుగా మందు కూరి వత్తులు ముట్టిస్తున్న మొండిఘటం. అలాంటివాడికి ఇంత పిరికి కూతురేమిటని ఊరంతా ఎగతాళి. కూతురు ఇందిరకు తొమ్మిదేళ్ళు. ఆరు నెలలుగా పొద్దున లేస్తే కడుపునొప్పి, తిన్నది కక్కుకోవడం. మధ్యాహ్నం బడిలోంచి పారిపోయి క్వారీ దారిన పరుగు. మాస్టారు బెత్తం తీశాడు, తల్లి లక్ష్మమ్మ తాయెత్తు కట్టించింది. ఏం లాభం? నిన్న మళ్ళీ పారిపోయింది.

అది ఎనభై నాలుగో సంవత్సరం. ఆ పొద్దున నాయనమ్మ సుబ్బులమ్మ పసుపు కొమ్ము తెచ్చి నిప్పుల్లో పెట్టింది.

"జడుపుకు వాతే మందు. చిన్నప్పుడు నీకు పెట్టింది నేను గాదూ? పిల్లని పట్టుకోరా!"

పట్టుకున్నాడు. ఏం తండ్రండీ! కన్నబిడ్డ రెండు చేతులూ కదలకుండా అదిమి పట్టాడు. లక్ష్మమ్మ నోట్లో కొంగు కుక్కుకుని గోడకు తిరిగింది. కొమ్ము కొస ఎర్రగా కాలింది. పిల్ల పెనుగులాడలేదు.

"పెట్టు నాయనమ్మా. నాయన్ని మాత్రం ఇయ్యాల పనికి పోవద్దని చెప్పు. నిన్న ఎనిమిది ముట్టిస్తానన్నాడు. నాకు ఏడే ఇనపడ్డయ్."

మస్తానయ్య పట్టు సడలింది. క్వారీలో పద్ధతే అది. ఎన్ని వత్తులు ముట్టిస్తే అన్ని మోతలు వినపడాలి. ఒకటి తగ్గిందంటే పేలని తూటా బండలో మిగిలినట్టే. గంటసేపు ఎవరూ దగ్గరికి పోకూడదు.

"రెండు కలిసి పేలినయ్ తల్లీ, అందుకే ఏడు."

"నీకెట్టా తెలుసు?"

"పోయి చూశాగా."

"మామ కూడా పోయి చూశాడు."

లక్ష్మమ్మ తమ్ముడు కొండలు ఆరు నెలల కిందట అదే క్వారీలో, గంట ఆగకుండా పోయి ప్రాణం పోగొట్టుకున్నాడు. శవాన్ని వాళ్ళ ఊరు నూజెండ్ల తీసుకుపోయి దహనం చేసి, మామ నరసరావుపేట ఆసుపత్రిలో ఉన్నాడని పిల్లకు బొంకారు. పిల్లకు చెవులు లేవా? నీళ్ళ పంపు దగ్గర అమ్మలక్కలు చెప్పుకుంటుంటే అంతా విన్నది. అప్పటినుంచీ, పొద్దున తండ్రి ఎన్నని చెబితే అన్ని మోతలు లెక్కపెడుతోంది. ఒకటి తగ్గితే పరుగు.

"అమ్మా, ఆ కొమ్ము నీళ్ళల్లో పారెయ్," అన్నాడు మస్తానయ్య.

"నువ్వు గంట ఆగావా నాయనా?" అంది ఇందిర.

ఆగలేదు. లారీ నిలబడిపోయిందని మేస్త్రీ కేకలేస్తే పది నిమిషాలకే దిగాడు. పిల్లది పిరికితనం కాదు, న్యాయమైన భయం! తప్పు తనదేనని అప్పటికి తలకెక్కింది. సిగ్గుతో చచ్చిపోయాడు.

"నాకేం గాదని చెప్పను తల్లీ. ఇకమీదట గంట ఆగుతా. ఆగినాక బడికాడికొచ్చి నీకు కనపడి పోతా."

అన్నట్టే చేశాడు. రోజూ ఒళ్ళంతా రాతిపొడితో బడి కిటికీ దగ్గర నిలబడేవాడు. పిల్లలు కిసుక్కుమనేవారు, మాస్టారు విసుక్కునేవాడు. ఇందిర కడుపునొప్పి తగ్గింది గానీ పూర్తిగా పోలేదు.

నెల తిరక్కముందే ఒకనాడు ఆరు ముట్టిస్తే ఐదు మోతలే వినపడ్డాయి.

"రెండు కలిసి పేలినయ్, నేనిన్నా. దిగు!" అన్నాడు మేస్త్రీ.

"ఇన్నోడివి నువ్వే దిగు."

మస్తానయ్య ఎండలో చతికిలబడ్డాడు. బండ సంగతి అటుంచి, అతని ప్రాణమంతా బడి దారి మీదే ఉంది. పిల్ల కూడా లెక్కపెట్టే ఉంటుంది. పరిగెత్తుకొచ్చి ఎవరికీ చిక్కకుండా తిన్నగా ఆ బండ మీదికే పోతే? లేచి దారికి అడ్డంగా నిలబడ్డాడు. నిమిషమొక యుగమైంది. దారిలో పురుగు కూడా రాలేదు.

గంట కాగానే బడికి ఒకటే పరుగు. ఇందిర అరుగు మీద పలక గుండెకు హత్తుకుని కూర్చుని ఉంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఐదే ఇనపడ్డయ్ నాయనా."

"మరి రాలేదేమే?"

"నువ్వు కూచోనుంటావుగా. నేనూ కూచున్నా."

వాతకోసం తను అదిమి పట్టిన ఆ చేతులే మళ్ళీ పట్టుకున్నాడు. మాస్టారు, పిల్లలు అందరూ చూస్తుండగానే మస్తానయ్య భోరున ఏడ్చేశాడు.