ఊఁ కొట్టని ఇంగ్లీషు

ఫోన్లో ముందు గాలి హోరు వినిపిస్తుంది. ఆపైన ఎక్కడో ఇనుప తలుపు దభాలున పడిన చప్పుడు, ఆ తర్వాత మనిషి గొంతు. సముద్రంలో లంగరు వేసిన ఓడ నుంచి వచ్చే ఫోను ఇప్పటికీ అలాగే మొదలవుతుంది. ఆ హోరు చెవిన పడగానే నేను కుర్చీలో నిటారుగా కూర్చుని నోరు గట్టిగా మూసుకుంటాను. కొత్తగా చేరినవాళ్ళు అది చూసి నవ్వుకుంటారు. నవ్వుకోనీ, నాకేం! ఆ అలవాటు నూకరత్నం మేడమ్ పెట్టింది. విశాఖపట్నం పోర్టు దగ్గర, వచ్చే ఓడలకు కావలసిన పనులు చూసిపెట్టే మా ఏజెన్సీలో ఆవిడ అందరికంటే సీనియర్. నన్ను మనిషిని చేసింది ఆవిడే.

నేను పద్మనాభం ఊరి నుంచి రోజూ బస్సులో వచ్చేదాన్ని. మాది వరి పండించుకునే ఇల్లు, నా చదువంతా తెలుగు మీడియం. మా ఓనరు మూర్తి గారు చేర్చుకున్నప్పుడే మొహం మీద చెప్పేశారు, ఫోన్ బల్ల దగ్గర ఇంగ్లీషులో నెట్టుకు రాగలిగితే ఉంటావు, లేకపోతే ఇంకొకరిని చూసుకుంటానని. మా ఇంట్లో నెలజీతం అన్నది నాతోనే మొదలు. అది పోతే మళ్ళీ చేనుగట్టు మీదికే. అందుకని ఇంగ్లీషు జాతీయాల పుస్తకం ఒకటి కొని, బస్సులో ఊగుతూ బట్టీ పట్టాను.

ఒకరోజు వాన దంచేస్తోంది. ఓడకు పంపే సందేశంలో 'రైనింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్' అని టైపు చేసి, గొప్పగా మేడమ్‌కి చూపించాను. ఆవిడ కళ్ళజోడు పైకి తోసి చదివి పకపకా నవ్వారు.

"ఓలమ్మ! ఈ మాట ఎవలు అనగా విన్నావే?"

"పుస్తకంలో ఉందండి. జోరుగా వాన పడతందని అర్థం."

"అర్థం నానడగలేదు. ఓడ మీద ఎవడైనా ఇలాగన్నాడేటి? ఆ కెప్టెన్‌ది ఏ దేశమో, పాపం ఆడికీ ఇంగ్లీషు కష్టపడి నేర్చుకున్నదే. హెవీ రెయిన్ అని కొట్టు, సాలు."

ఆవిడది సముద్రం ఒడ్డునున్న యారాడ, చేపల వేటకెళ్ళే కుటుంబం. టైపిస్టుగా చేరి, నావికుల నోటినుంచే ఇంగ్లీషు ఏరుకున్నారట. ఫోన్లో ఎంత శుభ్రమైన ఇంగ్లీషు మాట్లాడేవారో, ఫోన్ పెట్టగానే అంత అచ్చమైన మా తెలుగులోకి దిగిపోయేవారు. టీ వేళకి మేమందరం తలా ఒక ఇంగ్లీషు మాట తేవాలన్నది ఆవిడ పెట్టిన ఆచారం. అర్థం చెబితే ఒప్పుకునేవారు కాదు. ఆ మాట ఎవరు ఎవరితో, ఏ మొహం పెట్టుకుని అన్నారో చెప్పాలి. 'ఫెయిర్ ఎనఫ్' నాకు అలాగే దొరికింది. సరుకు ఆలస్యమైందని మండిపడుతున్న ఓడ ఇంజనీరు ఒకాయన, కారణం విన్నాక భుజాలు దించేసి ఆ మాటన్నాడు. సరేలే, నువ్వు చెప్పిందీ నిజమే అని. నేను ఆ భుజాలతో సహా చేసి చూపించాను. "ఇప్పుడది నీదయ్యింది" అన్నారు మేడమ్. డిగ్రీ పట్టా అందుకున్నప్పుడు కూడా నాకంత సంతోషం కలగలేదు.

ఒక్కదానికి మాత్రం ఆవిడకు ఒళ్ళు మండేది. ఎదుటివాళ్ళు చెబుతుంటే ఊఁ కొట్టడం మనకు మర్యాద. కొట్టకపోతే వినడం లేదనుకుంటారు. ఇంగ్లీషులోకి మారినా ఆ మర్యాద పోదు, ఊఁ బదులు యెస్ యెస్ అంటూ ఉంటాం.

"యెస్సంటే నీ లెక్కలో నువ్వు వింతన్నావంతే. ఆడు నువ్వు ఒప్పేసుకున్నావనుకుంతాడు" అని కసిరేవారు. "నోర్మూసుకుని విను. ఆకర్న ఒక్కపాలే సెప్పు, అవుద్దో అవ్వదో."

నా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తేలాల్సిన రోజులవి. ఒక మధ్యాహ్నం, లంగరు మీదున్న ఓడ నుంచి కెప్టెన్ ఫోన్ చేశాడు. మూర్తి గారే స్పీకర్లో మాట్లాడారు. ఒక నావికుడు కడుపునొప్పితో మెలికలు తిరుగుతున్నాడు, మీరు లాంచి పంపి ఒడ్డుకు చేరుస్తారు కదా అన్నాడు కెప్టెన్. ఆ హోరులో మూర్తి గారు "యెస్, యెస్" అంటూనే విన్నారు. థాంక్యూ, ఎదురుచూస్తుంటామని అవతల ఫోన్ పెట్టేశాడు. "ఎవడికో కడుపునొప్పట. మళ్ళీ చేస్తాడులే, చూద్దాం" అని మూర్తి గారు భోజనానికి లోపలికి వెళ్ళారు.

లాంచి ఎవరూ మాట్లాడలేదు, అక్కడేమో అది వస్తోందనుకుని కూర్చున్నారు.

"మేడమ్, కెప్టెన్‌కి మళ్ళీ ఫోన్ సెయ్యాలండి" అన్నాను.

"మరి సెయ్యి. నాను లాంచి వోడికి సెప్తాను."

"సారుకి కోపమొత్తే? నా ఉద్యోగం..."

"నీ ఉద్యోగం పోతే నాను మాటాడతాను. ఆ పిల్లోడి పేనం పోతే ఎవలు మాటాడతారే?"

ఫోన్ చేశాను. బట్టీ పట్టిన జాతీయం ఒక్కటీ గుర్తు రాలేదు, రాకపోవడమే మంచిదైంది. లాంచి ఇంకా బయలుదేరలేదనీ, మా యెస్ అంటే వింటున్నామనేననీ, ఇప్పుడే పంపిస్తున్నామనీ చిన్న చిన్న వాక్యాల్లో చెప్పాను. తర్వాత నోరు మూసుకుని విన్నాను. నావికుడికి జ్వరం కూడా ఉంది, నడవలేడు. విన్నది విన్నట్టు తిరిగి అప్పజెప్పి, లాంచిలో స్ట్రెచర్ పంపుతామన్నాను. తిరిగి చూస్తే మూర్తి గారు తలుపు దగ్గర నిలబడి ఉన్నారు.

"నా మాట మీద మాట చెప్పడానికి నువ్వెవరు?" అని గద్దించారు.

"మీరు యెస్ అంటూ వింతన్నారు సార్. ఆయన మీరు ఒప్పుకున్నారనుకున్నాడు" అనేశాను. ఇంకా అక్కడ ఉద్యోగం ఉందని నేను అనుకోలేదు. ఆయన నేరుగా వచ్చి ఆసుపత్రికి ఫోన్ కలిపారు. పొద్దు గూకేలోపు నావికుడు ఒడ్డుకు చేరాడు. అపెండిక్స్ పగిలిపోయేలా ఉందని వెంటనే ఆపరేషన్ చేశారు. బతికాడు!

మర్నాడు కెప్టెన్ ఫోన్ చేసి, తిరిగి ఫోన్ చేసిన ఆవిడతో మాట్లాడాలన్నాడు. మూర్తి గారు అలవాటుగా ఫోన్ మేడమ్‌కి అందించారు. ఆవిడ చెయ్యి చాపలేదు.

"నాను కాదు సార్. మా సుగుణ" అని నా వైపు తిరిగారు. "లెగు పిల్లా, ఫోను నీకే." ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. ఆ ఫోను మళ్ళీ నా చేతిలోంచి ఎవరూ తీసుకోలేదు.

ఇప్పుడు ఓడలతో మాట్లాడే విభాగమంతా నేనే చూస్తున్నాను. పెద్ద పెద్ద మీటింగుల్లో నా ఇంగ్లీషు విని, మీరు ఏ కాన్వెంటులో చదివారండీ అని అడుగుతుంటారు. నూకరత్నం గారి దగ్గర అంటాను. ఆ పేరేమిటో మళ్ళీ చెప్పమంటారు. చెబుతాను, ఈసారి ఇంకాస్త గట్టిగా.