ఫౌజు నుంచి పారిపోయిన గాడిద తాత

ఇందులో ఒక్క అక్షరం అబద్ధమున్నా, జోగులాంబ తల్లి సాక్షిగా, నా నాలుక మీద కురుపు లేవాలి.

తెలంగాణ వచ్చిన కొత్తలో మాట. మక్తల్‌లో మా ఇంటి టీవీలో రోజూ సాయంత్రం ఒక కార్టూన్ గాడిద వచ్చేది. ఛాతీ నిండా పతకాలు, నెత్తిన కమాండర్ టోపీ. అది తుపాకీ ఎత్తితే గానీ ఏడేళ్ల నా బిడ్డకు ముద్ద దిగేది కాదు.

"నాయినా, దీని తాత గూడ కమాండరేనా?" అని అడిగింది ఒకనాడు.

తెలియదని చెప్పడం నాకు పుట్టుకతో రాని విద్య. "కమాండర్ గాదు, సుబేదారు. మన దిక్కే ఫౌజుల ఉండె" అని మొదలుపెట్టాను. యుద్ధం మధ్యలో తొలకరి పడిందట. మట్టి వాసన తగలగానే సుబేదారు గాడిద తుపాకీ పారేసి, విత్తనం వేళ దాటిపోతుందని ఇంటికి ఉరికిందట. ఫౌజువాళ్లు వెంటపడి వచ్చి నడివీధిలో దాని పతకాలు పీకేశారట. అప్పటినుంచి గాడిదల్లో ఎవరూ దాని పేరెత్తరట.

నవ్వుతుందనుకున్నాను. మూతి ముడుచుకుంది.

"అయితే పెత్రమాసకు దానికి బియ్యం గూడ ఇయ్యరా?"

బతుకమ్మ మొదలయ్యే అమావాస్యే మాకు పెత్రమాస. ఆ పొద్దున పోయిన పెద్దల పేర్లు ఒక్కొక్కటే చెప్పి అయ్యగారికి బియ్యం, పప్పు, కూరగాయలు ఇస్తాం. పేరు చెప్పకపోతే ఆ మనిషి మా ఇంటివాడు కానట్టే.

"ఇయ్యరు" అన్నాను.

నాలుగు రోజులకే పెత్రమాస వచ్చింది. మా నాన్న, బాపు అంటాం, చేట ముందు పెట్టుకుని తన తాతను, తండ్రిని, తల్లిని, అదే మా అవ్వను, తలుచుకున్నాడు. పేరుకో దోసెడు బియ్యం. అయ్యగారు లేవబోతుంటే నా బిడ్డ దోసిట్లో బియ్యంతో వచ్చి నిలబడింది.

"ఎవరి పేరు మీద బిడ్డా?"

"సుబేదారు గాడిద తాత."

"గోత్రం?" అన్నారు అయ్యగారు, అలవాటు కొద్దీ.

"ఎర్కలేదు. ఫౌజుల కెల్లి ఉరికొచ్చిండు."

నేను గోడవైపు తిరిగి నవ్వాపుకుంటున్నాను. బాపు నవ్వలేదు.

"ఎందుకు ఉరికొచ్చిండే?"

"వాన వడ్డది తాతా. విత్తనం ఎయ్యాలె గద!"

బాపు చెయ్యి బియ్యంలోనే ఆగిపోయింది. బాపుకు ఒక కాక ఉండేవాడు, తండ్రికి తమ్ముడు. చిన్నప్పుడు బాపును భుజాల మీద మోసుకు తిరిగినవాడు. ఫౌజు నుంచి పారిపోయి వస్తే, వెతుక్కుంటూ వచ్చినవాళ్లు ఊరంతా చూస్తుండగా కట్టుకుపోయారు. మళ్లీ తిరిగి రాలేదు. ఆ సిగ్గుతో మా తాత తన తమ్ముడి పేరు పెత్రమాసలో చెప్పనివ్వలేదు. తాత పోయాక బాపు కూడా చెప్పలేదు. నాకిదంతా అవ్వ చెప్పింది. గాడిద కథను నేనెక్కడి నుంచి ఎత్తుకొచ్చానో బాపుకు అర్థమైంది.

నన్ను తిడతాడనుకున్నాను.

"అయ్యగారూ, జర కూసోండ్రి" అన్నాడు. "ఇంకో పేరున్నది."

కాక పేరు చెప్పాడు. అయ్యగారికి వినబడలేదేమోనని మళ్లీ చెప్పాడు.

"మరి గాడిద తాతకు?" అంది నా బిడ్డ, దోసిలి దించకుండా.

"ఇద్దరికి కలిపి పొయ్యి బిడ్డా. ఒక్క ఫౌజోళ్లే గద!"

ఇక నేను కల్పించినదేమిటో ఒప్పుకుంటాను. గాడిద అనుకునేరు, అది టీవీవాళ్లది. నేను కల్పించింది వానను. కాక ఎందుకు పారిపోయాడో అవ్వకు కూడా తెలియదు. భయమేసిందేమో, ఎవరు చూశారు?

ఆ మధ్యాహ్నం అన్నం తింటూ బాపు మెల్లగా అడిగాడు. "మా కాక విత్తనానికే వచ్చిండని మా అమ్మ నీకు చెప్పిందారా?"

"ఔ బాపూ. వాన వడ్డదని వచ్చిండట."

"నాకెర్కనే" అని, బాపు ఇంకాస్త అన్నం వేయించుకున్నాడు.