సర్పంచ్ గారు కళ్లంలో ఉన్నారు

మా ఊరికి జాంబియా నుంచి ఆడవాళ్లు వస్తున్నారని తెలియగానే సర్పంచ్ గారు తెల్లచొక్కా ఇస్త్రీకి ఇచ్చారు. సర్పంచ్ గారంటే మా ఊళ్లో అందరూ అలా పిలిచే మనిషి. ఎన్నికల్లో గెలిచింది మాత్రం ఆయన భార్య. ఆడవాళ్లకు రిజర్వయిన సీటు కాబట్టి ఆమెను నిలబెట్టారు. ఓట్లు ఆమెకు పడ్డాయి, దండలు ఆయన మెడలో పడ్డాయి. ఆ రోజు నుంచి ఆయన సర్పంచ్ గారు, ఆమె సర్పంచ్ గారి భార్య. అందులో వింతేముందో ఊళ్లో ఎవరికీ తోచలేదు.

అద్దంకికి దగ్గర్లోని మా ఊరి హైస్కూల్లో నేను ఇంగ్లీషు చెబుతాను. అందుకని వచ్చేవాళ్ల మాటలు తెలుగులో చెప్పే పని నాకు పడింది. వచ్చినవాళ్లు ముగ్గురు. వాళ్లవి పత్తి పండించే ఊళ్లు. భర్త చనిపోతే అతని తరఫువాళ్లు వచ్చి పొలం, సామాను, ఆఖరికి దుప్పట్లు కూడా పట్టుకుపోయే అలవాటు అక్కడ కొన్నిచోట్ల ఉందట. అది మాన్పించడానికి ఊరూరా తిరుగుతున్నారు. ఆడమనిషి సర్పంచ్‌గా ఉన్న ఊరు ఎలా నడుస్తుందో చూడాలని మా ఊరు వచ్చారు.

పంచాయతీ ఆఫీసు ముందు షామియానా వేశారు. వేదిక మీద ‘మహిళా సమానత్వ సభ’ అని బ్యానరు. దాని కింద వరసగా సర్పంచ్ గారు, వార్డు మెంబరు భర్త, డ్వాక్రా సంఘం లీడరు భర్త. అందరూ మగవాళ్లే. అది మిరపకాయలు కళ్లాల్లో ఆరబోసే కాలం. పనికి పోని ముసలివాళ్లు కొందరు కింద పట్టా మీద కూర్చున్నారు.

ముగ్గురిలో పెద్దావిడకు యాభై దాటి ఉంటాయి. పొడుగ్గా, నిదానంగా ఉంది. వేదిక మొత్తం ఒకసారి చూసి, “సర్పంచ్ ఎవరు?” అంది.

ఆయన లేచి దండం పెట్టారు.

ఆమె నావైపు తిరిగి, “నేను అడిగింది సరిగ్గా చెప్పావా?” అంది. చెప్పానన్నాను. గెలిచిన ఆవిడ కావాలని మళ్లీ అడిగింది.

“మేమిద్దరం ఒకటేనండీ,” అన్నారాయన.

నేను అదే ఇంగ్లీషులో చెప్పాను. ఆమె ఆయన్ని తల నుంచి పాదాల దాకా చూసింది. వెటకారం లేదు, నిజంగా అర్థం చేసుకోవాలన్నట్టు చూసింది. “ఇద్దరిలో మిగతా మనిషి ఎక్కడుంది?” అని అడిగింది.

“కళ్లంలో ఉందమ్మా. కాయలు ఏరిస్తోంది. కూలీలను వదిలేసి వస్తే ఎలా?”

ఆవిడ చేతిసంచి భుజాన వేసుకుని దిగింది. మిగతా ఇద్దరూ దిగారు. వెనకాలే నేను. నా వెనక పట్టా మీది ముసలమ్మలు. వేదిక మీదివాళ్లు కాసేపు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకుని, సభ కదిలిపోయింది కాబట్టి తమ కుర్చీలు తాము మోసుకుంటూ బయల్దేరారు. మైకువాడు వైరు చాలినంత దూరం వచ్చి, అక్కడే పొలం గట్టు మీద మైకు పాతి నిలబడ్డాడు.

కళ్లంలో ఎర్రగా పరిచిన కాయల మధ్య గెలిచినావిడ గొంతుక్కూర్చుని రంగు పోయిన తాలు కాయలు వేరుచేస్తోంది. ముక్కుకి కొంగు కట్టుకుంది. పెద్దావిడ వెళ్లి పక్కన కూర్చుని తనూ ఏరడం మొదలుపెట్టింది. ముసలమ్మలు పంచాయతీ దగ్గర జరిగింది ఆమె చెవిన వేశారు. మగవాళ్లు చుట్టూ కుర్చీలు వేసుకున్నారు. సర్పంచ్ గారు స్త్రీ సమానత్వం మీద ఉపన్యాసం ఎత్తుకున్నారు. “స్త్రీ అనగా...” అని తుమ్మారు. మళ్లీ “స్త్రీ అనగా...” అన్నారు, మళ్లీ తుమ్ము. ఘాటు తగిలి వేదిక మొత్తం తుమ్మసాగింది. స్త్రీ అనగా ఏమిటో ఆ రోజు తేలలేదు.

అప్పుడు పెద్దావిడ వాళ్ల ఊరి సంగతి చెప్పింది. అక్కడ ఆడవాళ్ల కమిటీ పెడితే, మీటింగుకి ఒకావిడ బదులు భర్త వచ్చి కూర్చునేవాడట. వీళ్లు పొమ్మనలేదు. ఆమె బదులు వచ్చావు గదా, ఆమె పని కూడా నువ్వే చెయ్యి అని బావి నుంచి నీళ్లు మోయించారు. కొన్నాళ్లకు ఆమే రావడం మొదలుపెట్టింది.

నేను తెలుగులో చెప్పడం ముగించాక సర్పంచ్ గారి భార్య, అంటే సర్పంచ్, చేతిలోని కాయలు కింద పెట్టింది. తర్వాత లేచి చీర దులుపుకుంది.

“ఏవండీ, కాసేపు ఇక్కడ కూర్చోండి. తాలు ఎర్రగోతంలోకి, మంచివి పట్టా మీద. కళ్లు మాత్రం తుడుచుకోకండి.”

“ఇప్పుడా?” అన్నారాయన.

“మనమిద్దరం ఒకటేనన్నారంట గదా.”

ముసలమ్మలు నవ్వు ఆపుకోలేకపోయారు. ఆయన ఇస్త్రీ చొక్కాతోనే చతికిలబడ్డారు. కళ్లు తుడుచుకోవద్దన్న మాట వినలేదు. ఇంటికి నీళ్లకోసం పరుగెత్తారు.

ఆమె నేరుగా గట్టు మీదకు పోయి మైకు ముందు నిలబడింది. “కళ్లాల దగ్గర ఆడకూలీలకు మరుగుదొడ్డి లేదు. అది కట్టించాలి,” అంది. అంతే సభ.

తర్వాతి నెల అద్దంకిలో మహిళా సర్పంచులకు శిక్షణ అని పిలుపొచ్చింది. మా సర్పంచ్ నన్ను తోడు రమ్మంది, వెళ్లాను. హాల్లోకి తొంగిచూస్తే అన్నీ మీసాలే. వాకిట్లో ఉన్నతను, “అమ్మా, ఇది సర్పంచుల మీటింగు,” అని అడ్డుపడ్డాడు. “అందుకే వచ్చాను బాబూ,” అని ముందు వరసలో కూర్చుంది.

శిక్షణ ఇచ్చే అధికారి కాగితంలోంచి తల ఎత్తకుండా మొదలుపెట్టాడు. “అక్కలారా, భర్తలు మీ అధికారం చెలాయిస్తుంటే భయపడకండి. ఫిర్యాదు చేయండి.” హాలంతా బుద్ధిగా తలలూపింది. కొందరు రాసుకున్నారు. వెనక నుంచి ఒకాయన లేచి, “ఫిర్యాదు మేం ఇవ్వాలా, మా ఆవిడతో ఇప్పించాలా అండీ?” అని అడిగాడు. అధికారి అప్పుడు తలెత్తి చూశాడు. టీ తెమ్మన్నాడు.

ఆ సందు చూసుకుని మా సర్పంచ్ లేచింది. మరుగుదొడ్డి ఎవరు మంజూరు చేస్తారు, స్థలం ఎవరు చూపించాలి, అన్నీ గట్టిగా అడిగింది. అధికారి పాపం, ఆడగొంతు వినబడినందుకు సంతోషించాడేమో, ఓపిగ్గా చెప్పాడు.

తిరుగు బస్సులో నాకు కిటికీ పక్క చోటిచ్చి కూర్చుంది.

“టీచరమ్మా, లేచినప్పుడు నా మోకాళ్లు వణికాయి. ఎవరికైనా కనపడిందంటావా?”

“లేదండీ.”

“సరేలే,” అని ముందుసీటు కమ్మీకి తల ఆనించి నిద్రపోయింది. మా ఊరు వచ్చేదాకా లేపలేదు.